మగ్గం ఆగితే తిరిగి చూసే పిల్ల

ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సులో గంట, పత్తి బండ్ల కాలం కాబట్టి ఇంకో పది నిమిషాలు ఎక్కువే అనుకో, అంతలోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి, ఎందుకంటే బస్సు దిగేచోట తిప్పమ్మ నిలబడి ఉంటుంది, ఉండకుండా ఉంటుందా, పొద్దున కూతురి చెయ్యి తెచ్చి సువార్తమ్మ చేతిలో పెట్టినప్పుడే చెప్పింది కదా, సాయంత్రం బస్సుకు నేనే వస్తా టీచరమ్మా, డాక్టరమ్మ ఏం సెప్పిందో నీ నోటితోనే ఇనల్ల అని. నీ నోటితోనే! ఆ నోటితోనే కదా రెండేళ్ళ కిందట చెప్పింది, నీ బిడ్డ చెవులకేం తిప్పమ్మా, బంగారంలా ఉన్నాయి, నీ బిడ్డకు ఉన్నది ఉత్త మొండితనం అని. ఆ నోటిని ఇప్పుడు ఎక్కడ దాచుకోవాలి దేవుడా. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. కిటికీ పక్కన ఉచ్చీరమ్మ కూర్చుని ఉంది, తిప్పమ్మ కూతురు, ఎనిమిదిన్నరేళ్ళది, రెండు జడలు, నూనె పెట్టి నున్నగా దువ్విన తల, ఒంటిమీద ఎర్రంచు పావడా, అది నాయన మద్దయ్య మగ్గం మీద నేసిన గుడ్డే. బస్సు రేకు మీద రెండు అరచేతులూ ఆనించి బయటికి చూస్తూ ఉంది. ఎనిమిదిన్నరేళ్ళు వచ్చినా దాని నోట ఒక్క మాట లేదు.

డాక్టరమ్మకు ఐదు నిమిషాలు పట్టలేదు. గొంతూ నాలుకా చూడమని తీసుకుపోయింది తను, చెవుల సంగతి అడగనే లేదు, అడగవలసిన పని ఏముంది, చెవుల సంగతి తనకు తెలుసు కదా, తను పరీక్ష చేసింది కదా, రిజిస్టరులో రాసింది కదా! నెలకొకసారి మద్రాసు నుంచి ఆదోని ఆస్పత్రికి వచ్చే ముసలి డాక్టరమ్మ నాలుక ఎత్తి చూసింది, అంగిలి చూసింది, అన్నీ బాగానే ఉన్నాయి అంది, అన్నాక ఏమనుకుందో ఏమో పిల్లను ఎత్తి పరుపు మంచం మీద కూర్చోబెట్టింది, కాళ్ళు నేలకు అందకుండా, చేతులు ఒళ్ళో పెట్టించి, తను వెనక్కి పోయి ఇత్తడి గిన్నె మీద చెంచాతో ఠంగున కొట్టింది. సువార్తమ్మకే చెవులు గింగురుమన్నాయి. ఉచ్చీరమ్మ ఎదురు గోడ మీద బల్లిని చూస్తూ ఉంది. మళ్ళీ కొట్టింది. బల్లి కదిలింది, పిల్ల కదల్లేదు. మీరు వినికిడి పరీక్ష చేశారా అని అడిగింది డాక్టరమ్మ. చేశానండి. ఎట్లా చేశారు? వెనక నిలబడి బల్ల మీద బెత్తంతో కొట్టానండి, ఠక్కున తిరిగి చూసింది. అప్పుడు పిల్ల చేతులు ఎక్కడ ఉన్నాయి? ఆ మధ్యాహ్నం అప్పటికప్పుడు సువార్తమ్మ కళ్ళముందుకొచ్చింది, ఒకటో తరగతి గది, పొడుగాటి బల్ల, బల్ల మీద పలక, పలకకు అటొకటీ ఇటొకటీ చిన్న అరచేతులు. బల్ల మీదే ఉన్నాయండి అంది. డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండును. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది, పుట్టుచెవుడు అంది, మద్రాసులో చెవిటి పిల్లల బడి ఉంది, పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతారు, ఎనిమిదేళ్ళు నిండితే తీసుకోరు, ఆరేళ్ళప్పుడు తెచ్చి ఉంటే అంది. ఆరేళ్ళప్పుడు. ఆరేళ్ళప్పుడే కదా తను ఆ బల్ల మీద బెత్తంతో కొట్టింది.

బస్సు ఊరు దాటింది. పత్తి జిన్నుల పొగగొట్టాలు వెనకపడ్డాయి, కొండరాళ్ళు వెనకపడ్డాయి, రెండు పక్కలా నల్లరేగడి, ఏరగా మిగిలిన పత్తి, కోసిన జొన్న మొదళ్ళు. నత్తి టీచరమ్మ! ఊరు పెట్టిన పేరు అది, మొదట్లో ఉక్రోషం వచ్చేది, నాకేం నత్తి లేదురా అని పిల్లల మీదికి పోయేది, తర్వాత తర్వాత ఆ పేరంటేనే గర్వం, చెప్పుకోకూడదు గానీ ఎంత గర్వం! నత్తి ఉన్నది నాయనకు. ఆస్పరిలో కూలికి పోయే యేసేపు, పెద్ద రైతు ఇంటిముందు నిలబడి కూలి అని అడగబోయి కూ కూ కూ అని అక్కడే ఇరుక్కుపోతే, కోయిల వచ్చిందే అని లోపలినుంచి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. అదే నాయన ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే ఒక్క అక్షరం తడబడేది కాదు, గొంతు అట్లా పారుతూ పోయేది, చిన్నప్పుడు పక్కన నిలబడి ఆ నోటినే చూస్తూ ఉండేది తను, ఈ నోరూ ఆ నోరూ ఒకటేనా అని. అందుకే టీచరు ట్రైనింగు అయ్యాక మిషను దొరసాని కాళ్ళావేళ్ళా పడింది, మద్రాసులో మాట దిద్దే పని నేర్పుతారట, నన్ను పంపించండమ్మా అని. ఆరు నెలలు నేర్చుకుంది. ఊపిరి ఎట్లా పట్టాలి, నాలుక ఎక్కడ ఆనించాలి, ముద్దమాటను ఎట్లా విడదీయాలి, అద్దం ముందు కూర్చోబెట్టి ప అంటే పెదవులు ఎట్లా మూసుకోవాలి, అన్నీ నేర్చుకుంది, నోటుపుస్తకాలు నిండా రాసుకుంది. చెవిటి పిల్లల గురించి మాత్రం ఒక్క మధ్యాహ్నమే పాఠం. ఆ మధ్యాహ్నం నలుగురు ఆడపిల్లలు జట్టు కట్టి సముద్రం చూడ్డానికి పోయారు, అందులో సువార్తమ్మ ఒకతె. ఇసుకలో కూర్చుని వేయించిన శనగలు తిన్నారు, అలలు కాళ్ళ మీదికి వస్తే అరిచి నవ్వారు. ఎంత నవ్విందో, ఛీ.

తిరిగి వచ్చేనాటికి ఆదోని ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది, తర్వాత అటుదిటు అయి కర్నూలుకు వచ్చింది, ఆ కాగితాల గోలలో ఈమెకు రోజుకో గంట నత్తి పిల్లల తరగతి ఎవరు ఇచ్చారో, ఎందుకిచ్చారో అడిగేవాళ్ళే లేకపోయారు. ఎమ్మిగనూరులో రెండు బడులు, ఆదోనిలో ఒకటి, ఉన్న క్లాసు చెప్పుకుంటూనే ఆ గంట అటూ ఇటూ తిరగడం. హెడ్మాస్టరు శ్రీపాదరావు ముఖం చిట్లించాడు, నోట్లో వేళ్ళు పెట్టే పని బడిలో ఏమిటమ్మా, ఎంగిలి కాదూ అన్నాడు, అన్నవాడే ఆరు నెలల తర్వాత సొంత కూతురు తులసీబాయిని పంపించాడు, అమ్మాయి మాట మాటకూ ఆగిపోతుంది, పెళ్ళిచూపుల్లో పేరు కూడా చెప్పుకోలేదు అని. వాళ్ళ వరండా దాటి తనను లోపలికి రానివ్వలేదు, తను తాకిన పిల్లకు రోజూ తలస్నానం, పోనీలే, అదంతా ఎవరు పట్టించుకున్నారు, ఎనిమిది నెలలకు ఆ పిల్ల వరండాలో నిలబడి నా పేరు తులసీబాయి, మా నాన్నగారి పేరు శ్రీపాదరావు అని ఏకబిగిన చెబితే శ్రీపాదరావు పంచె చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. అప్పుడు ఎక్కింది తలకు. అప్పటినుంచి నోరు రాని పిల్ల ఎదుటికి వస్తే చాలు, నేనున్నాగా అనుకోవడం మొదలుపెట్టింది. ఎవరిని అడగాలి, ఏం చూడాలి అన్నది లేదు, నేనున్నాగా!

ముందు సీటులో ముసలమ్మ వెనక్కి తిరిగింది. హుసేనమ్మట, కూతురింటికి పోతోందట, ఆరేకల్లులో దిగుతుందట, అడక్కుండానే అన్నీ చెప్పి పిల్ల వైపు చూసింది.

"నీ బిడ్డనా తల్లీ?"

"కాదవ్వా, బడి పిల్ల."

"మాటలు రావా?"

ఆ ముసలి కళ్ళకు ఎట్లా తెలిసిందో. సువార్తమ్మ తల ఊపింది.

"వస అరగదీసి నాకిచ్చినారా లేదా చిన్నప్పుడు?" అంది హుసేనమ్మ, జవాబు కోసం ఆగలేదు, "పాపం, బంగారట్లుండాది. సూడు సూడు, మోటారు పాట ఇంటాంది, తల యెట్ల ఊపుతాందో! చెవులు బాగుండాయి, ఇంగేం భయం, మాటలు యాడికి పోతాయి, అవే వస్తాయి."

నిజమే, ఉచ్చీరమ్మ తల ఊపుతోంది. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఊపు మారుతోంది, మోటారు మూలిగితే మెల్లగా, పరుగెత్తితే గబగబా, అరచేతులు రేకు మీదినుంచి తీయడం లేదు, ముఖం నిండా నవ్వు. ఎవరు చూసినా అదే అంటారు, వింటోంది అని. అవ్వా, అది వినడం కాదు, దాని చేతులు తీసి చూడు, చేతులు తీస్తే మోటారు ఉండదు దానికి, బస్సు ఉండదు, నువ్వు ఉండవు అని అరవాలనిపించింది, కానీ ఏం మొహం పెట్టుకుని అరవాలి, చదువుకున్న కళ్ళతో రెండేళ్ళు చూసిన తనే ఆ మాట అన్నప్పుడు, కాసేపు చూసిన ముసలామె అంటే తప్పేముంది. ఆరేకల్లులో హుసేనమ్మ మూట నెత్తికెత్తుకుని దిగింది, దిగుతూ పిల్ల బుగ్గ పుణికి, దేవుడు సల్లగా సూడనీ అంది.

ఆ ఇంటికి మొదటిసారి పోయిన రోజు. సాలెవాళ్ళ వీధి అంతా ఒకటే మోత, ఇంటింటా గుంటమగ్గం, నేలలో గుంట తవ్వి కాళ్ళు లోపలికి వదిలి కూర్చుంటాడు మద్దయ్య, దబదబా దబదబా పొద్దు పొడిచినప్పటినుంచీ పొద్దు గూకేదాకా, మగ్గం ప్రతి దెబ్బకూ గోడకు తగిలించిన దేవుడి పటం అదురుతుంది. ఆ గుంట అంచునే ఆడుకుంటోంది ఉచ్చీరమ్మ, మగ్గం మోతలో మాట వినబడక తనూ తిప్పమ్మా గొంతు చించుకుంటున్నారు. పిల్లకు చెవులు వినబడతాయా అని అడిగింది తను, అడగకపోలేదు, ఆ మాత్రం అడిగింది. తిప్పమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి నవ్వింది, అదేం మాట టీచరమ్మా, మగ్గం ఆగితే సాలు, యాడున్నా తిరిగి సూస్తాది, ఉండు సూపిస్తా అని మొగుణ్ణి ఆపమంది. మద్దయ్య ఆపాడు. పిల్ల అటు తిరిగి కూర్చుని బొమ్మకు గుడ్డపీలిక కడుతున్నదల్లా చటుక్కున తల తిప్పి నాయనను చూసింది. చూసినావా అంది తిప్పమ్మ. చూసింది సువార్తమ్మ. ఇంకేం కావాలి, ఆ వీధిలో అందరూ బిడ్డల చెవులను అట్లానే చూసుకుంటారట, ఆ ఇంటి అవ్వ చెప్పింది, పక్కింటి వాళ్ళు చెప్పారు, మగ్గం ఆగినా తిరగని బిడ్డ ఉంటే అది చెవిటిది, తిరిగితే మంచిది. నేల అదిరి ఆగిందని, ఆ అదురు పిల్ల పిర్రలకూ పాదాలకూ తెలిసిందని ఎవరికి తోస్తుంది? నేసేవాడికి తోచదు, కండెలు చుట్టేదానికి తోచదు, సరే, మద్రాసు పోయి నేర్చుకొచ్చినదానికి తోచవద్దా? బడికి పోయి బల్ల మీద బెత్తంతో కొట్టింది, రిజిస్టరు తీసి గుండ్రటి అక్షరాలతో రాసింది, వినికిడి బాగున్నది, మాట్లాడుటకు ఇష్టపడదు, మొండితనము. కింద సంతకం.

ఒకసారి అట్లా రాసుకున్నాక ప్రతిదీ అందులోనే ఒదిగిపోయింది. తను నల్లబల్ల వైపు తిరిగి చెబితే పిల్ల పలకదు, చూశావా పొగరు. ఎదుట కూర్చుని పెదవులు మూసి ప అంటే ప అన్నట్టు పెదవులు మూస్తుంది, చూశావా, విని నేర్చుకుంటోంది. ఒకసారి అప్ప అన్నట్టు గాలి వదిలింది, ఆ రోజు తను పరుగెత్తుకుంటూ పోయి సాలెవీధిలో చెప్పింది, మద్దయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చి దండం పెట్టాడు. దండం పెట్టించుకుంది! ఆ తర్వాత మూడు వారాలైనా మళ్ళీ ఏమీ లేదు, అప్పుడు నోటుపుస్తకం తీసి చూసి తిప్పమ్మకు ఒక మందు చెప్పింది. చేత్తో చూపిస్తే ఏదీ ఇయ్యొద్దు. నోటితో అడిగితేనే ఇయ్యి. రొట్టె చూపిస్తే ఇయ్యొద్దు, నీళ్ళు చూపిస్తే ఇయ్యొద్దు, రొట్టె అనమను, నీళ్ళు అనమను, ఒకపూట ఏడుస్తుంది, రెండుపూటలు ఏడుస్తుంది, మూడోపూట అదే అడుగుతుంది. మొండి పిల్లలకు చెప్పిన మందు అది, పుస్తకంలో ఉంది, మాటలు వచ్చీ బద్ధకించే పిల్లలకు పనిచేస్తుంది కూడా, తను ఇద్దరి మీద చూసింది. పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం, తను అక్కడే ఉంది. నీళ్ళకుండ దగ్గర నిలబడి చెయ్యి చూపించింది పిల్ల. తిప్పమ్మ తన ముఖం చూసింది. తను తల అడ్డంగా ఊపింది. పిల్ల మళ్ళీ చూపించింది, కుండను తట్టింది, తల్లి చీర గుంజింది, నేల మీద పడి దొర్లింది, ఎంతసేపు, గంట, అంతకంటే ఎక్కువే, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది, తిప్పమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇయ్యనా టీచరమ్మా అంది, ఇప్పుడిస్తే ఇంతసేపూ ఏడిపించింది దండుగ అంది తను. అప్పుడు ఆ పిల్ల లేచి కుండను రెండు చేతులా పట్టుకుని, కుండ బయట పట్టిన చెమ్మను నాకింది. చుట్టూ తిరిగి నాకింది. సువార్తమ్మ పుస్తకం తీసి రాసుకుంది, నాలుక కదలిక చక్కగా ఉన్నది.

దేవుడా, దేవుడా. ఆ పేజీ చింపేయాలి, చింపితే మాత్రం పోతుందా. దానికి ఏమని తోచి ఉంటుంది అప్పుడు? తను చూపిస్తే తెలిసేది కదా నిన్నటిదాకా, అమ్మ ఇచ్చేది కదా, ఇవ్వాళ ఎందుకివ్వదు, ఈ తెల్లచీర ఆమె వచ్చి కూర్చుంటే నీళ్ళు ఎందుకు ఉండవు? ఎవరిని అడుగుతుంది, అడగడం అంటూ ఒకటుందని కూడా తెలియదు కదా దానికి, ఇంట్లో అందరూ పెదవులు ఆడిస్తుంటారు, ఆడించినవాళ్ళకు అన్నీ దొరుకుతాయి, తనూ ఆడిస్తుంది, దొరకదు. తల్లికి ఒక పేరుందని తెలియదు, తనకు ఒక పేరుందని తెలియదు. అయినా సోమవారం గేటు దగ్గర తన కోసం నిలబడుతుంది, వచ్చి కొంగు పట్టుకుంటుంది, నీళ్ళు లేకుండా చేసిన దాని కొంగు! పగబట్టినా బాగుండు. సువార్తమ్మ చెయ్యి చాపి ఆ నూనెతల మీద పెట్టింది, ఉచ్చీరమ్మ తిరిగి చూసి, నోటి వైపు చూసి, ఏమైనా అంటుందేమోనని ఎదురుచూసి, ఏమీ అనకపోయేసరికి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

చెప్పాలి. ఏం చెప్పాలి? డాక్టరమ్మ మందు ఇచ్చింది, ఇంకో ఏడాదికి వస్తాయి మాటలు, ఇట్లా చెబితే తిప్పమ్మ నమ్ముతుంది, ఆమె దేన్నైనా నమ్ముతుంది, నమ్మి ఇంకో ఏడాది రొట్టె ఇవ్వకుండా కూర్చుంటుంది, వద్దు, వద్దు. రిజిస్టరులో వయసు దిద్దితే? పుట్టిన తేదీ రాసింది తనే, బడిలో చేరిన రోజు అందాజుగా వేసిన తేదీ, ఒక్క అంకె, ఎవరు చూస్తారు? కానీ డాక్టరమ్మ పళ్ళు లెక్కపెట్టి కాగితం మీద ఎనిమిది దాటినది అని రాసేసింది, ఆ కాగితం సంచీలో ఉంది. మరి జ్వరం? పోయినేడు వానల్లో వారం రోజులు జ్వరం వచ్చింది ఉచ్చీరమ్మకు, ఆ జ్వరంలో చెవులు పోయాయి తిప్పమ్మా, అంతకుముందు బాగానే ఉండినాయి, ఎవరేం చేస్తారు. ఇది నిలుస్తుంది. దీంట్లో ఎవరి తప్పూ లేదు. శ్రీపాదరావుకు చెప్పినా ఆయన అదే అంటాడు, రాసింది దిద్దకమ్మా, దిద్దితే ఇనస్పెక్టరు మిగిలినవి కూడా తప్పే అంటాడు, నీ తరగతి ఎత్తేస్తాడు, ముప్పై మంది పిల్లలు నత్తి నోళ్ళతో ఇంటికి పోతారు, నీ ఇష్టం అంటాడు. ముప్పై మంది! ఒక్కదాని కోసం ముప్పై మందిని ఎట్లా వదులుకోవడం, అది కూడా ఇప్పుడు చెప్పినందువల్ల దానికి ఒరిగేదేమీ లేనప్పుడు. బడి తీసుకోదు. చెవులు రావు. నిజం చెబితే తల్లి గుండె పగలడం తప్ప ఇంకేముంది? ఎంత బాగా కుదిరిందో మాట, ముప్పై మంది పిల్లల కోసం అబద్ధం ఆడుతోందట నత్తి టీచరమ్మ, తన ముఖం కోసం కాదట! అది తనకే తెలుస్తూ ఉంది, తెలిసి కూడా ఆ మాటనే పట్టుకుని ఉంది, కోటేకల్లు దాటింది, ఇంకెంతో దూరం లేదు, పోయినేడు వానల్లో వచ్చిన జ్వరం తిప్పమ్మా, పోయినేడు వానల్లో వచ్చిన జ్వరం, పెదవులు కదలకుండా లోపల్లోపల నాలుగుసార్లు చెప్పుకుంది, ఎక్కడా తడబడలేదు. బస్సు మలుపు తిరిగి ఎమ్మిగనూరులో నిలబడింది.

తిప్పమ్మ ముందుకు తోసుకుని వచ్చింది, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని. చంకలో చిన్నది ఉంది, పది నెలల హనుమక్క. ఈ గంటసేపూ దాని తలపే రాలేదు సువార్తమ్మకు.

"ఏమనె టీచరమ్మా డాక్టరమ్మ?" అంది, అని జవాబు రాకముందే తనే అందుకుంది, భయం వేసినవాళ్ళు మాట్లాడినట్టు గబగబా, "నేను మాత్రం నువ్వు సెప్పినట్లే గట్టిగుంటి. పొద్దున గూడా సద్ది పెట్టలే దానికి. ఉట్టి తట్టు సెయ్యి సూపిచ్చె, నోటితో అడగలే. వాళ్ళ నాయన తిట్టె, ఊరికి పోయే బిడ్డ, పెట్టవే అని. నేను పెట్టలే. టీచరమ్మ మాట తప్పను అంటి."

సువార్తమ్మ పిల్ల వైపు చూసింది. పొద్దున ఏడు గంటలకు బస్సెక్కారు, ఆస్పత్రి వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, తనకు ఆ కాగితం చేతికొచ్చాక కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఏమీ కొని పెట్టలేదు. అడగలేదు కాబట్టి ఆకలి లేదనుకుంది. తిప్పమ్మ గడపలో నోటితో అడిగితేనే పెట్టు అన్నది తనే, ఆస్పత్రి వరండాలో అడగలేదు కదా అనుకున్నదీ తనే.

"తిప్పమ్మా, దానికి చెవులు వినపడవు."

"ఆ?"

"పుట్టినప్పటినుంచే వినపడవు. నేను తప్పు చెప్పినాను. నేల అదురుతుంటే దాని ఒంటికి తెలుస్తుంది, మగ్గం ఆగితే అదురు ఆగుతుంది కదా, అందుకని తిరిగి చూస్తుంది. అంతే. చెవులు కాదు. నాకు తెలియలేదు తిప్పమ్మా, తెలిసినట్టు చెప్పినాను. మద్రాసులో ఇట్లాంటి పిల్లలకు బడి ఉంది, ఎనిమిదేళ్ళ లోపల పోవాలంట, మనం దాటిపోయినాం. నావల్లే దాటిపోయినాం."

సువార్తమ్మ తిప్పమ్మ అరుపు కోసమే తల వంచుకుని నిలబడింది.

"నేను పిలిస్తే గూడా ఇనపడదా?"

"లేదు."

"ఎప్పుడూ ఇనపడలేదా?"

"లేదు."

"మరి నీళ్ళకు..." అంది తిప్పమ్మ. పెద్దదాని వైపు చూసింది, చూస్తూ ఉండగానే చూపు అక్కడినుంచి జారి చంకలోని చిన్నదాని మీద నిలిచింది, అక్కడే ఉండిపోయింది.

"ఇది గూడా అంతే టీచరమ్మా," అంది మెల్లగా. "మగ్గం ఆగితే తిరిగి సూస్తాది."

తిప్పమ్మ ఎవరి సలహా కోసమూ ఆగలేదు. చిన్నదాన్ని చంకలోంచి తీసి, రెండు చంకల కింద పట్టుకుని, ఒంటికి తగలకుండా చేతులు చాపి గాలిలో పట్టుకుంది. డాక్టరమ్మ పరుపు మంచం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, మద్రాసులో ఎవరూ నేర్పలేదు, కండెలు చుట్టుకునే మనిషి, ఒక్క మాట విని పరీక్ష ఎట్లా చెయ్యాలో కనిపెట్టింది.

"దాని యెనక్కి పో. పిలువు."

"హనుమక్కా," అంది సువార్తమ్మ.

"ఇంగా గట్టిగా."

"హనుమక్కా!"

"ఇంగా."

ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. బస్సు పైకెక్కి మూటలు దింపుతున్నవాడు తిరిగి చూశాడు, బొరుగులు కొలుస్తున్న ఆమె చేతిలో శేరు పట్టుకునే తిరిగి చూసింది, డ్రైవరు దిగి వచ్చి చూశాడు, చెట్టు కింద ఎద్దు కూడా చెవులు రిక్కించింది. చిన్నది గాలిలో కాళ్ళు ఆడిస్తూ తల్లి ముఖం చూసి నవ్వుతూ ఉంది. తిప్పమ్మ చేతులు దించలేదు.

"దీనికి వయసుంది గదా?" అంది. "ఆ మద్రాసు బడికి దీనికి వయసుంది గదా?"

"ఉంది."

"ఈసారన్నా నిజం సెప్పు టీచరమ్మా."

"ఉంది తిప్పమ్మా. ఏళ్ళున్నాయి. నేనే తీసుకుపోతా."

ఉచ్చీరమ్మ ఇద్దరి మధ్యా నిలబడి, ఒకసారి అమ్మ పెదవులనూ ఒకసారి టీచరమ్మ పెదవులనూ చూస్తూ ఉంది. దాని వైపు చూడడానికి ఇద్దరికీ చేతకాలేదు.